తిట్టు – తూనిక



తిట్టు లేని భాష లోకమున లేదు. అయినను తిట్టులన్నియు నొక్క జాతివి కావు. నోటి దురద తీర్చుకొనుటకు తిట్టునది యొకటి. న్యాయము గోరి తిట్టునది మరియొకటి. ఈ రెంటి భేదమును చరిత్రనుండి కొన్ని యుదాహరణములతో మనవి చేసెదను.

మన యాలంకారికులు వ్యాజస్తుతి యని యొక యలంకారమును చెప్పిరి. పైకి నింద, లోన స్తుతి. లేదా పైకి స్తుతి, లోన నింద. కృష్ణాతీరమందలి శ్రీకాకుళాంధ్రదేవునిపై కాసుల పురుషోత్తమకవి చెప్పిన ఆంధ్రనాయకశతకము ఈ మార్గమునకు పెట్టినది పేరు. భక్తరామదాసు మాట యింకను సూటియైనది. ఆయన భద్రాచలమున తహశీలుదారుగా నుండి, సర్కారు పైకమును రామాలయమునకు వ్యయపఱచి, తానీషా (1672–1687) కాలమున గోలకొండ చెరసాలలో బడెను. తాను చేయించిన నగలను పేరుపేరున నెన్ని, ఇవి యెవరి సొమ్మని రాముని నిలదీసెను. తుదకు దెబ్బల కోర్వలేక తిట్టితినని మన్నింపు వేడెను. బలము లేనివాడు బలవంతునికి పెట్టుకొన్న మొర యా తిట్టు.

మన పొరుగు బమ్మెర పోతన, 15వ శతాబ్దమున, కృతి నమ్ముకొనుట కొల్లక, రాజులను అధములని భాగవతావతారికయందే పలికెను.

ఇంగ్లండునందును ఇట్టి గాథ గలదు. శామ్యూల్ జాన్సన్ పండితుడు నిఘంటువు రచించుచు చెస్టర్‌ఫీల్డు ప్రభువు వాకిట పడిగాపులు పడియు ఆదరణము గానడయ్యెను. ఏడేండ్లకు గ్రంథము సిద్ధము కాగా, ప్రభువు పొగడ్త లారంభించెను. 1755 ఫిబ్రవరిలో జాన్సన్ ఆయనకు లేఖ వ్రాసెను. మునుగువానిని చూచుచు నూరకుండి, ఒడ్డు చేరినపిదప చేయి యందించువాడా పోషకుడని దాని భావము. ఒక్క బూతుమాట లేదు; అయినను ప్రభువు పేరు నేటికిని ఆ లేఖతోనే తలపునకు వచ్చును.

ఇవన్నియు క్రిందివాడు మీదివానిని తిట్టినవి. మీదివాడు క్రిందివానిని తిట్టుటకు చమత్కార మక్కరలేదు. నిజాము కాలమున మన గడీలలో మల్లయ్య మల్లిగాడు, రామయ్య రామిగాడు. పేరు చివరి ‘అయ్య’ను ఊడబెఱుకుటయే తిట్టు. పేరు నిండుగా గలవానిచేత వెట్టి చేయించుట కష్టము. కావున పేరును ముందు కుదించిరి. మన మండలమందలి కడవెండిలో, 1946 జులై 4న, విసునూరు దేశముఖు మనుషుల కాల్పులకు దొడ్డి కొమరయ్య నేలకొఱిగెను. ఆ మరణముతో తెలంగాణ పోరాటము రగులుకొనెను. నేడు జనులు ఆ పేరును ‘అయ్య’తో కూడ నిండుగా పలుకుచున్నారు.

పెద్దలారా, గడీల పెత్తనము పోయినది గాని, ఆ ‘గాడు’ మన నోళ్లనుండి పూర్తిగా పోలేదు. మన పొలమున జీతమున్నవానిని పిలుచునపుడు పేరు నిండుగా పిలుతము. తిట్టక తప్పని దినము వచ్చిన, రామదాసువలె మీదివానినే తిట్టుదము.