నెల్లూరు ఆవుల నడుమ జాగ్వార్

బ్రెజిల్ పడమటి అంచున ఉన్న పంతనాల్ ప్రపంచంలోని అతిపెద్ద చిత్తడి నేలల్లో ఒకటి. వానలకు నదులు పొంగి మైదానమంతా మునుగుతుంది, నీరు తీయగానే పచ్చిక లేస్తుంది. అందులో 90 శాతానికి పైగా భూమి పశువుల ఆసాములదే. కనుక అక్కడి అడవి జంతువుల బతుకు సర్కారు చేతిలో కన్నా ఆసామి చేతిలోనే ఎక్కువగా ఉంటూ వచ్చింది.

18వ శతాబ్దంలో పోర్చుగీసు వలసదారుల వెంట పశువులు ఇక్కడికి చేరాయి. నేడు మేస్తున్న తెల్లటి మూపురం మందలు మాత్రం ఎక్కువగా మనవే: ఒంగోలు జాతి నుంచి పెంచిన నెలోర్. 1960లలో ఓడెక్కిన ఆంబోతుల్లో ఒకటి కరవది ఊరి పేరుతోనే అక్కడ ప్రసిద్ధికెక్కింది.

దూడను పట్టిన జాగ్వార్‌ను కుక్కలతో తరిమి, చెట్టెక్కించి కాల్చడం ఆసాముల రివాజు. 1967లో చట్టం వేటను నిషేధించినా మారుమూల మేతభూముల్లో తుపాకులు ఆగలేదు. 1970ల చివర జీవశాస్త్రవేత్తలు జార్జ్ షాలర్, పీటర్ క్రాషా జాగ్వార్లపై పరిశోధన మొదలుపెట్టిందీ ఇలాంటి ఒక పశుక్షేత్రంలోనే.

ఆసాముల మనసు తిప్పడంలో ముందడుగు నీలి మకా చిలుకది. పంజరాల వ్యాపారం వల్ల 1980ల చివరికి పంతనాల్‌లో సుమారు 1,500 మిగిలాయి. 1990 నుంచి జీవశాస్త్రవేత్త నేవా గెడెస్ తాళ్ళు కట్టుకుని చెట్లెక్కుతూ గూళ్ళు వెతికారు. ఈ చిలుక దాదాపుగా మందూవి చెట్టు తొర్రలోనే గుడ్లు పెడుతుంది. అంత తొర్ర పడాలంటే చెట్టుకు 60 ఏళ్ళయినా ఉండాలి. ఆవులు లేత మందూవి మొక్కల్ని మేసి, తొక్కి పాడుచేస్తాయి. అవే ఆవులు అకురీ తాటికాయల గుజ్జు తిని గట్టి టెంకలు వదిలేస్తే, చిలుకలు నేలకు దిగి, వాటిని ముక్కుతో పగలగొట్టి పప్పు తింటాయి. ఆవును శత్రువనో మిత్రుడనో ఒక్క మాటలో తేల్చలేం. గెడెస్ చెట్లకు కొయ్యపెట్టెలు కట్టించారు, తొర్ర చెట్లు నరకొద్దని ఆసాముల్ని ఒప్పించారు. చిలుకల సంఖ్య 5,000 దాకా పెరిగింది.

రొబెర్తో క్లాబిన్ అనే ఆసామి పంతనాల్‌లోని తన కైమాన్ పశుక్షేత్రంలో 1980లలోనే పర్యాటకుల కోసం అతిథిగృహం తెరిచాడు. 2011లో అక్కడే ఒన్సఫరి అనే సంస్థ జాగ్వార్లను పర్యాటకుల జీపులకు బెదరకుండా అలవాటు చేయడం మొదలుపెట్టింది. కానీ 2020 మంటల్లో పంతనాల్‌లో దాదాపు 30 శాతం కాలిపోయింది. 2024లో కైమాన్ కూడా కాలింది. కంచెలోపల ఎంత కాపాడుకున్నా, పొరుగు భూమిలో పుట్టిన మంట కంచె దాటి వస్తుంది.

మంటల సంగతి అలా ఉంచితే, అసలు చిక్కు డబ్బు పంపకంలో ఉంది. పంతనాల్‌లోని పోర్తో జోఫ్రె ప్రాంతంలో జాగ్వార్ల సందర్శన ఏటా సుమారు 68 లక్షల డాలర్లు తెస్తుందని, పశునష్టం సుమారు 1.2 లక్షల డాలర్లేనని 2017లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఈ తేడా చూసి సంతోషపడేవారు ఒకటి గమనించాలి. డాలర్లు వచ్చేది పడవలకు, అతిథిగృహాలకు. దూడ పోయేది వేరే ఆసామికి. రాత్రిళ్ళు విద్యుత్ కంచె వేయడం, మందలో గేదెల్ని కలపడం వంటి ఉపాయాలు కొన్నిచోట్ల నష్టాన్ని తగ్గిస్తున్నాయి, కానీ వాటి ఖర్చు భరించాల్సిందీ ఆ ఆసామే. పర్యాటకుడి రుసుములో అతనికి వాటా దక్కాలి. చట్టం చేరలేని చోట తుపాకీ దింపించేది ఆ వాటాయే.