కణత్వచాన్ని లెక్కపెట్టిన నీలిరంగు: యల్లాప్రగడ సుబ్బారావు కథలో చాలామంది చెప్పని ముక్క

మన చెల్పూర్ పక్కన గణపురం చెరువు ఉంది కదా, కాకతీయుల కాలం నాటిది. ఆ నీళ్ల మీద ఒక్క చెంచా నూనె పోస్తే ఎంత దూరం పాకుతుంది? (పోయకండి, చేపలున్నాయి.) ఈ పని లండన్ దగ్గర క్లాపమ్ చెరువులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ చేశాడు. ఒక చెంచా నూనె దాదాపు అర ఎకరం పరుచుకుందని 1774లో అచ్చయిన వ్యాసంలో రాశాడు. మన లెక్కలో 20 గుంటలు! అంత పల్చగా పరుచుకుందంటే ఆ పొర మందం ఒక మిల్లీమీటర్‌లో కొన్ని లక్షల వంతు. అంటే నూనె అణువు పొడవు ఎంతో, సుమారుగా పొర మందం అంతే. ఫ్రాంక్లిన్‌కి అణువుల సంగతి తెలియదు, అందుకే ఆ భాగహారం చెయ్యలేదు.

ఈ నూనె ముచ్చట మన ఒంట్లో కణాల దాకా ఎలా వచ్చిందో చూద్దాం. 1890లలో జూరిక్‌లో ఓవర్టన్ అనే ఆయన రకరకాల పదార్థాలు కణాల్లోకి ఎంత తొందరగా పోతాయో పరీక్షించాడు. నూనెలో కరిగేవి గబగబా దూరిపోయాయి, నీళ్లలో మాత్రమే కరిగేవి బయటే ఆగిపోయాయి. కణం చుట్టూ ఉన్నది కొవ్వులాంటి పదార్థం అయ్యుండాలన్నాడు. ఆ కొవ్వు జాతినే లిపిడ్లు అంటాం. కణత్వచంలో ముఖ్యమైనవి ఫాస్ఫోలిపిడ్లు. వీటికి ఒక తల, రెండు తోకలు. తలలో ఫాస్ఫేట్ ఉంటుంది, దానికి నీళ్లంటే ఇష్టం. తోకలకు నీళ్లు పడవు. గుడ్డు పచ్చసొనలో ఉండే లెసిథిన్ ఇదే బాపతు.

తర్వాత ప్రశ్న: పొర ఒక వరసా, రెండు వరసలా? 1925లో హాలండ్‌లోని లైడెన్‌లో గోర్టర్ అనే పిల్లల డాక్టరు, గ్రెండెల్ అనే సహోద్యోగి రక్తకణాల నుంచి లిపిడ్లు తీసి నీటి మీద పరిచారు. ఎంత జాగా ఆక్రమించాయో చూసి, కణాల పై వైశాల్యంతో పోల్చారు. రెండింతలు వచ్చింది. అంటే రెండు వరసలు: తలలు బయటికి, తోకలు లోపలికి. జవాబు కరెక్టే. దారి మాత్రం తప్పు! వాళ్లు వాడిన అసిటోన్ లిపిడ్లన్నిటినీ బయటికి లాగలేదు. మరోపక్క ఎండిన కణాలను కొలిచారు కాబట్టి కణం వైశాల్యమూ తక్కువ పడింది. రెండు తప్పులూ ఒకదాన్ని ఒకటి కొట్టేసుకున్నాయి. 1966లో మళ్లీ ప్రయోగం చేసినవాళ్లు ఈ సంగతి బయటపెట్టారు. అదృష్టం అంటే అదీ.

సరిగ్గా అదే 1925లో, అమెరికాలోని హార్వర్డ్ మెడికల్ స్కూల్ నుంచి ఇంకో పేపర్ వచ్చింది. రాసింది ఇద్దరు: సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, బోస్టన్ వెళ్లాక పొట్టకూటికి ఆసుపత్రిలో కూలిపని కూడా చేసిన మన సుబ్బారావు. పేపర్ విషయం చప్పగా అనిపిస్తుంది: భాస్వరాన్ని, అంటే ఫాస్ఫరస్‌ని, రంగుతో కొలవడం.

పద్ధతి ఇదీ. ఫాస్ఫేట్ ఉన్న ద్రవంలో ఆసిడ్, అమ్మోనియం మాలిబ్డేట్ కలుపుతారు. తర్వాత అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆసిడ్ అనే మందు వేస్తారు. నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. అంతకుముందూ ఇలాంటి రంగు పద్ధతులు ఉన్నాయి. వాటిలో వచ్చిన రంగు నిలిచేది కాదు. వీళ్లది నమ్మదగ్గదిగా తేలింది. కండరాల రసంతో చేసినప్పుడు నీలం ఆలస్యంగా పెరుగుతూ పోవడం గమనించి, ఆ తేడాని వదలకుండా తవ్వితే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో ఏటీపీ. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు.

మరి కణత్వచంతో సంబంధం ఏమిటంటారా? చాలా ఫాస్ఫోలిపిడ్లలో తలకు ఒక్క భాస్వరం పరమాణువే. అంటే భాస్వరాన్ని లెక్కపెడితే ఫాస్ఫోలిపిడ్లని లెక్కపెట్టినట్టే! కణాల నుంచి లిపిడ్లు తీసి, గాఢమైన ఆసిడ్‌లో కాల్చి, ఫాస్ఫేట్ విడుదల చేసి, నీలిరంగు తెప్పిస్తారు. బరువు కావాలంటే భాస్వరం బరువుని 25తో హెచ్చవేస్తే ఇంచుమించు సరిపోతుంది, ఎందుకంటే ఫాస్ఫోలిపిడ్ బరువులో భాస్వరం సుమారు 4 శాతం. నీటి మీద పరిచి కొలవాల్సిన పని లేదు, అదృష్టం మీద ఆధారపడక్కర్లేదు. 1959లో బార్ట్‌లెట్ ఈ పద్ధతికి చిన్న మార్పులు చేశాడు. లిపిడ్ ల్యాబుల్లో ఎక్కువగా వాడింది ఆ రూపమే.

సుబ్బారావు పేరుతో వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు చూస్తే అన్నీ ఆయనే కనుక్కున్నట్టు ఉంటుంది. కణత్వచం నిర్మాణం ఆయన కనుక్కోలేదు. దాన్ని తర్వాత పరీక్షించినవాళ్లకి కొలబద్ద ఇచ్చాడు. నా లెక్కలో అది తక్కువ పనేం కాదు. 1972లో సింగర్, నికల్సన్ చెప్పినట్టు ఈ పొర కదులుతూ ఉండే ద్రవం, మధ్యమధ్యలో ప్రొటీన్లు తేలుతుంటాయి. ఆ ప్రొటీన్లతో పోలిస్తే లిపిడ్ ఎంత అని చెప్పాలన్నా ఈ లెక్క కావాల్సిందే.

2021 మే గుర్తుందా? కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చి, హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి రోగులతో నిండిపోయింది. జనం ఒక ఇంజెక్షన్ కోసం ఊరూరా తిరిగారు. దాని పేరు లైపోసోమల్ యాంఫోటెరిసిన్-బి. ఫంగస్ కణత్వచంలో ఎర్గోస్టెరాల్ అనే లిపిడ్ ఉంటుంది, ఈ మందు దాన్ని పట్టుకుని పొరని పాడుచేస్తుంది. మన కణాల్లో ఉండేది కొలెస్ట్రాల్. రెండూ దగ్గరి చుట్టాలే కాబట్టి, ఉత్త మందు మన కిడ్నీలనీ దెబ్బతీస్తుంది. అందుకే దాన్ని చిన్న లిపిడ్ బుడగల్లో, లైపోసోముల్లో పెట్టి ఇస్తారు. ఆ బుడగలంటే కణత్వచం లాంటి రెండు వరసల ఫాస్ఫోలిపిడ్లే. లైపోసోముల మీద పరిశోధన చేసేవాళ్లు తమ గొట్టంలో ఫాస్ఫోలిపిడ్ ఎంతుందో తేల్చడానికి భాస్వరం లెక్క కట్టడం మామూలు.

సుబ్బారావు 1948లో న్యూయార్క్‌లో చనిపోయాడు. అప్పటికి బార్ట్‌లెట్ పేపర్ రావడానికి ఇంకా 11 ఏళ్లుంది. ల్యాబ్ కెమికల్స్ కేటలాగులు తెరిచి చూడండి, ఆ రంగు తెప్పించే పొడి ఫిస్కే అండ్ సుబ్బారో రెడ్యూసర్ అనే పేరుతోనే కనపడుతుంది.