పేరు తీసేసినా పోల్చుకునే ఊళ్లో: వైద్య రచనలో రోగి కథ, గోప్యత

జిల్లా పేజీలు తిరగేసేవాళ్లకు బాగా అలవాటైన వార్త ఒకటుంది. 'అరుదైన శస్త్రచికిత్స' అని శీర్షిక. ఫొటోలో తెల్లకోట్లు వేసుకున్న నలుగురు డాక్టర్లు, మధ్యలో కుర్చీలో దుప్పటి కప్పుకుని ఒక మనిషి. కింద ఇంటిపేరుతో సహా పేరు, వయసు, ఊరు, మండలం, కడుపులోంచి తీసిన కణితి బరువు. ఏడాది తిరిగాక ఆ కేసే ఏదో వైద్య పత్రికకు ఎక్కుతుంది. అక్కడ పేరుండదు. 'దక్షిణ భారతానికి చెందిన 45 ఏళ్ల మహిళ' అని మొదలవుతుంది, కళ్ల మీద నల్ల పట్టీ ఉంటుంది. కణితి బరువు మాత్రం గ్రాములతో సహా అదే. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పట్టీ ఎవరి కోసం వేశారో అర్థం కాదు.

ఈ వ్యాసం ఆ పట్టీ గురించే. రోగి కథ రాసేటప్పుడు గోప్యత అంటే పేరు దాచడమేనన్న అలవాటు వైద్యంలో బలంగా ఉంది. ముక్కూ మొహం తెలియనివాడి నుంచి రోగిని కాపాడడానికి అది కొంత పనికొస్తుంది. మన ఊళ్లలో రోగి భయపడేది మాత్రం పక్కింటివాళ్లకి, వియ్యాలవారికి. వాళ్ల కంటికి ఈ పట్టీ ఆనదు.

ఈ విషయం మాట్లాడేవాళ్లెవరైనా మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ రాసిన డోరా కేసు దగ్గరికి వెళ్లకుండా ఉండలేరు. 1900 అక్టోబరులో ఆయన దగ్గరికి వచ్చిన 18 ఏళ్ల అమ్మాయి 11 వారాలకే, డిసెంబరు 31న, ఇక రానని చెప్పి వెళ్లిపోయింది. మరుసటి నెలలోనే రాత పూర్తయినా అది 1905 దాకా అచ్చు కాలేదు. ముందుమాటలో ఫ్రాయిడ్ తన జాగ్రత్తలన్నీ చెప్పుకున్నాడు. సంఘటనలు వియన్నాలో కాక దూరంగా ఒక చిన్న ఊళ్లో జరిగాయన్నాడు, నాలుగేళ్లు ఆగానన్నాడు, మామూలు పాఠకుల చేతికి వెళ్లని శాస్త్ర పత్రికలోనే వేయిస్తున్నానన్నాడు. అనుమతి అడిగితే ఎవరూ ఇవ్వరన్నది ఆయన లెక్క. ఊళ్లో కొందరు డాక్టర్లు దీన్ని ఎవరి కథో పసిగట్టడానికే నవలలా చదువుతారనీ ఆయనకు తెలుసు. ఆ అమ్మాయి కంట పడితే నొచ్చుకుంటుంది కానీ, తనకు తెలియని సంగతి అందులో ఏమీ ఉండదు కదా అని సర్దిచెప్పుకున్నాడు.

ఈ సర్దుబాటు నాకు మింగుడుపడదు. తనకు తెలిసిన సంగతినే మరొకరి మాటల్లో, మరొకరు తేల్చిన తీర్పుతో సహా అచ్చులో చూసుకోవడం కొత్త సంగతి కాకుండా ఎలా పోతుంది?

డోరా అనే పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా ఫ్రాయిడే మరోచోట చెప్పాడు. ఆయన సోదరి ఇంట్లో పిల్లల్ని చూసుకునే అమ్మాయి అసలు పేరు రోజా. ఇంటావిడ పేరూ అదే కావడంతో ఆ పనమ్మాయిని డోరా అని పిలిచేవారు. సొంత పేరు వాడుకునే వీల్లేని మనిషికి పేరు వెతుకుతుంటే ఆయనకు అదే తట్టింది. మారుపేరు పెట్టడంలో ఉన్న పెత్తనాన్ని ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ నాకు కనబడలేదు. కొసరు కథ ఇంకొకటుంది. ఫెలిక్స్ డాయిష్ అనే వైద్యుడు 1922లో ఒక నలభై ఏళ్ల మహిళను చూశాడు. ఆ డోరాను నేనేనని ఆమె గర్వంగా చెప్పుకుందని, ఆమె పోయాక, 1957లో రాశాడు. అంటే దాగి ఉండాలనుందా లేదా అని ఆమెను ఎవరూ అడగలేదన్నమాట. ఆమె అసలు పేరు ఇవాళ ఏ గ్రంథాలయంలోనైనా దొరుకుతుంది. ఇక్కడ దానితో పనిలేదు.

తర్వాతి కాలంలో పెత్తనం తగ్గి జాబితాలు పెరిగాయి. అమెరికాలో 1996 నాటి హిపా చట్టం కింద వచ్చిన గోప్యతా నియమం తీసేయాల్సిన గుర్తులను 18గా లెక్కకట్టింది. పేరు, తేదీలు, ఫోన్ నంబరు, పూర్తి ముఖం ఫొటో అలాంటివి. చివరిది 'మరే ఇతర విశిష్టమైన గుర్తు అయినా' అనే ఖాళీ సంచి. అందులో ఏం వేయాలో రాసేవాడి ఇష్టం. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం కళ్ల మీద పట్టీ వేయడం చాలదని తన నియమాల్లో స్పష్టంగానే రాసింది. మనిషి పోల్చుకోదగ్గట్టు ఉంటే రాతపూర్వక అంగీకారం ఉండాలంది. వివరాలు మారిస్తే ఆ మార్పు వల్ల శాస్త్రార్థం చెడలేదని రచయిత హామీ ఇవ్వాలంది. అయినా నల్ల పట్టీలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి.

జాబితా ఎక్కడ విఫలమవుతుందో కంప్యూటర్ శాస్త్రవేత్త లతాన్యా స్వీనీ రెండుసార్లు చూపించింది. 1997లో మసాచుసెట్స్ ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి లెక్కల్లోంచి, పేర్లు తీసేసిన వాటిలోంచే, ఆ రాష్ట్ర గవర్నరు విలియం వెల్డ్ చికిత్స వివరాలను పట్టుకుంది. అందుకు ఆమె వాడింది 20 డాలర్లకు కొన్న ఓటర్ల జాబితా. ఆ తర్వాత, 2013లో, వాషింగ్టన్ రాష్ట్రం అమ్మే ఆసుపత్రి సమాచారాన్ని స్థానిక వార్తాపత్రికల్లో వచ్చిన 81 ప్రమాద, అనారోగ్య వార్తలతో సరిపోల్చింది. 35 వార్తల్లో మనిషి దొరికిపోయాడు. ఈ రెండోది చదివినప్పుడు నాకు మన జిల్లా పేజీలే గుర్తొచ్చాయి. వాటిలో మండలం పేరు కూడా ఉంటుంది కదా.

మన నియమం సంగతి చూద్దాం. భారత వైద్య మండలి 2002 ప్రవర్తనా నియమావళిలో 7.17 అనే అంశం ఉంది. రోగి ఎవరో తెలిసేలా ఫొటోలు గానీ, కేసు వివరాలు గానీ అనుమతి లేకుండా ప్రచురించకూడదంటుంది. ఆ వెంటనే, గుర్తు తెలియకపోతే అంగీకారం అక్కర్లేదంటుంది. (2023 ఆగస్టులో కొత్త నియమావళి వచ్చి, నెల తిరక్కుండానే ఆగిపోయింది; కాబట్టి పాతదే చెల్లుతోంది.) చిక్కంతా ఆ రెండో వాక్యంలో ఉంది. గుర్తు తెలుస్తుందా లేదా అన్నది ఎవరు తేల్చాలి? రాసే డాక్టరే. ఆ డాక్టరుది ఆ ఊరు కాదు, ఆ కులం కాదు, ఆ చుట్టరికాల్లో మనిషి కాదు.

తెలుగు ఊళ్లో మనిషిని పోల్చుకునేది పేరుతో కాదు. ఫలానావారి మూడో కోడలు, చెరువు గట్టు మీది ఇంటివాళ్లు, మేనమామకిచ్చిన పిల్ల: ఇలా వరసతో పోలుస్తారు. జన్యు సంబంధమైన కేసు నివేదికలు సరిగ్గా ఈ వరసనే బొమ్మ గీస్తాయి. చతురస్రం మగవాడు, వృత్తం ఆడమనిషి, జబ్బున్నవాళ్లను నల్లగా నింపుతారు, రక్తసంబంధంలో పెళ్లయితే జంట గీత. మేనరికాలున్న మూడు తరాల కుటుంబాన్ని అలా గీసి, ఏ తరంలో ఎందరు పిల్లలు, ఎవరు చిన్నప్పుడే పోయారు అన్నది గుర్తిస్తే, 18 గుర్తుల్లో ఒక్కటీ లేకపోయినా ఊరివాళ్లు బొమ్మ చూసి ఇంటి తలుపు చూపించగలరు. పైగా ఆ బొమ్మలో ఉన్న పాతికమందిలో అంగీకార పత్రం మీద సంతకం చేసింది ఒక్కరు.

ఒక్కోసారి దాగాల్సింది ఊరే. ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుల మీద జరిగిన పరిశోధనలన్నీ వేరుచేయలేనంతగా ఆ పేరుతోనే ముడిపడ్డాయి. అధ్యయనంలో వ్యక్తి పేరు ఉండదు, నిజమే. పెళ్లి చూపుల దగ్గర ఊరి పేరే అడ్డొస్తోందని అక్కడివాళ్లు అంటారు. అయినా ఊరి పేరు తీసేస్తే నీళ్లు, నేల, పని గురించిన ప్రశ్నలన్నీ గాలిలో ఉండిపోతాయి, ప్రభుత్వాన్ని అడగడానికి ఆధారమూ పోతుంది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

దాచడం వల్ల అన్యాయం జరిగిన కేసులూ ఉన్నాయి. 1951లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో చెప్పకుండా తీసుకున్న కణాలు హీలా పేరుతో ప్రపంచమంతా తిరిగాయి. వాటి యజమానురాలు హెలెన్ లేన్ అని చాలాకాలం రాశారు. హెన్రియెటా లాక్స్ అనే అసలు పేరు బయటికొచ్చాక కుటుంబం అడిగింది ఆ పేరు నిలవాలనే. 2013లో ఆ కణాల జన్యుక్రమాన్ని వాళ్లను అడగకుండా ప్రచురిస్తే మాత్రం అభ్యంతరం చెప్పింది, ఎందుకంటే అందులో బతికున్న పిల్లల ఆనవాళ్లూ ఉన్నాయి. పేరు ఉండాలి, జన్యువులు ఉండకూడదు. జాబితా రాసినవాళ్లకు ఈ క్రమం ఎప్పటికీ తట్టదు. మన సికింద్రాబాదులోనే 1897లో రొనాల్డ్ రాస్ ప్రయోగానికి దోమ కాటుకో అణా చొప్పున తీసుకుని కూర్చున్న మలేరియా రోగి హుస్సేన్ ఖాన్ పేరు కూడా, అదృష్టం కొద్దీ, రికార్డుల్లో మిగిలింది.

ఇక దగ్గరగా చూసిన ఒక సంగతి. కొన్నేళ్ల కిందట ఒక బోధనాసుపత్రిలో కేసు ప్రచురణకు వాడే అంగీకార పత్రాన్ని తెలుగు చేసిపెట్టమని నన్ను అడిగారు. అప్పటిదాకా వాడుతున్న తెలుగు పత్రం 'నా యొక్క వైద్య సమాచారమును శాస్త్రీయ ప్రచురణార్థము వినియోగించుటకు సమ్మతించుచున్నాను' అని మొదలయ్యేది. ఆపరేషన్ కాగితాలతో కలిపి అదే పూట వేలిముద్ర వేయించేవారు. స్టాంపు ప్యాడ్ సిరా మరకలు ఆ కాగితాల అంచులన్నిటి మీదా ఉన్నాయి. నేను పత్రం మార్చడం పక్కనపెట్టి, రాసిన నివేదికనే రోగికి చదివి వినిపిద్దామన్నాను. పీజీ చదువుతున్న డాక్టరమ్మ ఒప్పుకుంది.

ఆ రోగి జబ్బు, వయసు, జిల్లా నేనిక్కడ చెప్పడం లేదు. వాటి బదులు వేరేవి పెట్టడమూ లేదు. ఓపీ వెనక బల్ల మీద కూర్చుని డాక్టరమ్మ ఒక్కో వాక్యం తెలుగులో చెబుతుంటే ఆమె తలాడిస్తూ వింది. ఫొటో చూసి, 'బాగానే పడింది' అంది. జబ్బు పేరుకి అభ్యంతరం లేదు, ఊరి పేరు వేసినా ఫరవాలేదంది. కుటుంబ చరిత్ర దగ్గరికి వచ్చాక చెయ్యి అడ్డం పెట్టింది.

"మా అక్క సంగతి తీసేయండమ్మా. దాని కూతురికి సంబంధాలు చూస్తన్నాం."

అక్కకూ అదే జబ్బు ఉండడమే ఆ కేసులోని విశేషం. ఆ వాక్యం లేకుండా నివేదికను ఏ పత్రికా తీసుకోదని డాక్టరమ్మకు తెలుసు, నాకూ తెలుసు. డాక్టరమ్మ కాగితాలు మడిచి కేసు షీట్లో పెట్టేసింది. పిల్ల పెళ్లి ఎప్పుడని మాత్రం అడిగింది.