రియాక్టర్ల కంటే ముందే మూతపడ్డ తాలూకా

చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో చివరి రియాక్టర్‌ను 2000 డిసెంబర్ 15న ఆపేశారు. ఆ కేంద్రానికి తన పేరిచ్చిన చెర్నోబిల్ రాయోన్ అప్పటికి పన్నెండేళ్ల కిందటే, 1988లో, రద్దయిపోయింది. రాయోన్ అంటే మన పాత తాలూకా లాంటిది. 1923లో సోవియట్ పాలకులు గీసిన గీత అది, 65 ఏళ్లు నిలిచింది. 1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున నాలుగో రియాక్టర్ పేలింది. మిగతా మూడూ మరమ్మతుల తర్వాత మళ్లీ కరెంటు ఇచ్చాయి. దెబ్బ తిన్న తాలూకాకు మాత్రం కాగితం మీద కూడా చోటు దక్కలేదు. ఈ తారుమారు పాలనాపరమైన కాకతాళీయం కాదని నేననుకుంటాను. ఏలినవాళ్లు మారినా ఆ నేలను చూసే చూపు పెద్దగా మారలేదు: అక్కడ ఉన్నదంతా అడవీ బురదే, మనుషులు లెక్కలోకి రారు. చివరికి ఆ లెక్కే నిజమయ్యేలా చేశారు.

ఆ చూపుకు ఆధారం భూగోళంలోనే ఉంది. ఉక్రెయిన్ అనగానే మనకు గుర్తొచ్చేది నల్లమట్టి, గోధుమ పొలాలు. కీవ్‌కు ఉత్తరాన, బెలారుస్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ ప్రాంతం అలాంటిది కాదు. పోలిస్సియా అని పిలిచే చిత్తడి అడవుల దేశం ఇది. ఇసుక నేల, కుళ్లిన మొక్కల పొరలతో ఏర్పడిన బురద, పైన్ చెట్లు, మధ్యమధ్య రై, బంగాళాదుంప, అవిసె పండే చెలకలు, పశువులు, పుట్టగొడుగులు. వాయవ్యం నుంచి ప్రిప్యాత్ నది వస్తుంది, చెర్నోబిల్ పట్నం దగ్గర ఉజ్ నది దానిలో కలుస్తుంది, ఆ నీళ్లన్నీ ద్నీపర్ దారిన కీవ్‌కు పోతాయి. పేరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చోర్నోబిల్ అన్నది ఉక్రేనియన్‌లో ఒక మొక్క పేరు. వినాయక చవితి పత్రిలో మనం వేసే మాచిపత్రికి అది దగ్గరి చుట్టం. ప్రకటన గ్రంథంలో ఆకాశం నుంచి రాలి నీళ్లను చేదు చేసిన నక్షత్రానికి తెలుగు బైబిల్‌లో మాచిపత్రి అనే పేరుంది కాబట్టి, ప్రమాదాన్ని ముందే రాసిపెట్టారన్న కథ మన చెవికి మరీ అతికినట్టు వినిపిస్తుంది. కానీ ఉక్రేనియన్ బైబిల్‌లో ఆ నక్షత్రం పేరు పోలిన్. అదీ ఆ జాతి మొక్కే గానీ చోర్నోబిల్ కాదు. ఊరి పేరులో శాపమేమీ లేదు, కలుపు మొక్క ఉంది.

ఖాళీ నేల అన్న మాట ఎంత అబద్ధమో ఆ పట్నం చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1193 నాటి వృత్తాంతాల్లో అది ఒక రాజకుమారుడి వేట విడిదిగా తొలిసారి కనిపిస్తుంది. గమనించండి, లిఖితంలోకి ఎక్కడమే వేటకు పనికొచ్చే అడవిగా ఎక్కింది. తర్వాత లిథువేనియా ఏలుబడి. 1566లో ఫిలోన్ క్మీతా అనే అశ్వికదళ నాయకుడికి జాగీరుగా దక్కింది. 1569లో పోలండ్ కిరీటం కిందికి, 1793లో పోలండ్ రెండో విభజనతో రష్యా సామ్రాజ్యంలోకి వెళ్లింది. ఇంతమంది చేతులు మారిన చోట మనుషులు లేకపోవడమేమిటి? ఉక్రేనియన్ రైతులున్నారు, పోలిష్ క్యాథలిక్కులున్నారు, అందరికంటే ఎక్కువగా పట్నంలో యూదులున్నారు. 18వ శతాబ్దపు ఉత్తరార్ధంలో మెనాహెమ్ నాహుమ్ త్వెర్స్కీ ఇక్కడ బోధించాడు. ఆయన వంశం హసీదీ యూదుల గురుపరంపరల్లో పేరెన్నికగన్నది. ఆ సంప్రదాయంలో పుట్టినవాళ్లకు నేటికీ చెర్నోబిల్ అంటే ముందు గుర్తొచ్చేది ఆ గురువులే, ప్రమాదం ఆ తర్వాతే. 19వ శతాబ్దం చివర పట్నంలో ఉన్న సుమారు 10,800 మందిలో 7,200 మంది యూదులే. ఆ జనాన్ని కరగదీసింది రేడియేషన్ కాదు. 1905లో, 1919లో యూదుల మీద దాడులు జరిగాయి. 1932-33లో కరువు రైతులను తినేసింది. 1936లో పోలిష్ కుటుంబాలను కజకిస్తాన్‌కు తరలించారు. 1941లో వచ్చిన జర్మన్ సైన్యం ఉన్న యూదులను చంపింది. అంటే 1986కు ముందే ఈ తాలూకా ఒకటి కంటే ఎక్కువసార్లు ఖాళీ అయింది. ప్రతిసారీ ఖాళీ చేసింది మనుషులే.

అణు కేంద్రానికి చోటు వెతికినప్పుడు పాత చూపే మళ్లీ పనిచేసింది. నీళ్లు పుష్కలం, రైలు మార్గం దగ్గర, పంట దిగుబడి తక్కువ, కీవ్‌కు దూరం. చెర్నోబిల్ పట్నానికి పదిహేను కిలోమీటర్ల ఎగువన, కొపాచీ అనే ఊరి పక్కన స్థలం తేల్చారు. 1970లో సిబ్బంది కోసం ప్రిప్యాత్ అనే కొత్త పట్నం మొదలైంది. పదహారేళ్లలో అక్కడ 49 వేల మంది స్థిరపడ్డారు, పాత చెర్నోబిల్‌లో 14 వేల దాకా ఉండేవారు. అన్నిటికంటే విచిత్రం, 1979లో నగర హోదా పొందిన ప్రిప్యాత్ ఈ తాలూకా అధికారుల చేతి కింద లేదు, నేరుగా కీవ్ ప్రాంతానికి జవాబుదారీ. నేల తాలూకాది, నీళ్లు తాలూకావి, పేరు తాలూకాది, పెత్తనం మాత్రం పైవాళ్లది.

జనసాంద్రత తక్కువున్న చోట అలాంటి కేంద్రం కట్టడం తెలివైన పనే కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్నలో న్యాయముంది. లక్షల జనమున్న కీవ్ పక్కన కట్టమని ఎవరూ అనరు. కానీ తక్కువ మంది ఉండటం, ఎవరూ లేకపోవడం ఒకటి కాదు. పైగా 'పనికిరాని' నేలే ఎక్కువ కీడు చేసింది: ఇసుక, బురద నేలలు పేలుడులో వెలువడిన రేడియోధార్మిక సీజియాన్ని గట్టిగా పట్టి ఉంచలేవు, అందువల్ల అది గడ్డిలోకీ, గడ్డి నుంచి పాలలోకీ, పుట్టగొడుగుల్లోకీ సులువుగా చేరింది. నల్లమట్టి నేల దాన్ని ఇంకా మెరుగ్గా బంధించి ఉండేది. దిగుబడి పట్టికను చూసి స్థలం ఎంచుకున్నవాళ్లు ఆ నేల స్వభావాన్ని చూడలేదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. జనం లేని తాలూకాకు కచేరీ ఎందుకు, రద్దు చేయడం లెక్క సరిచేయడమే కదా? తాలూకాలు పోయి మండలాలు రావడం చూసిన తెలుగువాళ్లకు పాలనా గీతలు శాశ్వతం కావని చెప్పక్కర్లేదు. చెర్నోబిల్‌ను కలుపుకున్న ఇవాన్కివ్ రాయోన్ కూడా 2020లో పోయింది, ఆ ఏడాది ఉక్రెయిన్ 490 రాయోన్లను 136కు కుదించింది. నిజమే. అయితే ఇవాన్కివ్ రద్దయినప్పుడు దాని జనం తమ ఇళ్లలోనే ఉన్నారు, చిరునామా మాత్రం మారింది. చెర్నోబిల్‌లో మాత్రం ప్రమాదం తర్వాత జనాన్ని ముందు ఖాళీ చేయించి, చెల్లాచెదురు చేసి, తర్వాత వాళ్లు లేరన్న కారణంతో తాలూకాను కొట్టేశారు. అదీ పూర్తిగా నిజం కాదు: వెయ్యి మందికి పైగా, ఎక్కువగా ముసలివాళ్లు, ఆజ్ఞలు కాదని తమ ఊళ్లకు తిరిగొచ్చారు. వాళ్లను సమోసెలీ అన్నారు, తమంతట తాము స్థిరపడ్డవాళ్లని. సొంత ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ పేరు పెట్టడం ఎంత విడ్డూరమో ఆలోచించండి.

ప్రమాదం జరగకపోతే ఈ మారుమూల తాలూకా గురించి ఎవరు రాస్తారన్నది మిగిలిన మాట. ఎవరూ రాయరు, ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు ఆ తాలూకా గురించి చదివేవాళ్లు 1986 నుంచి వెనక్కి కాదు, 1193 నుంచి ముందుకు రావాలి. పాత పట్నంలో ఇల్యా చర్చి ఇంకా నడుస్తోంది. 2022 రష్యా దాడికి ముందు వరకూ ఏటా ఈస్టర్ తర్వాత, ఖాళీ అయిన ఊళ్లవాళ్లు తమ తమ శ్మశానాలకు వచ్చి పెద్దల సమాధులు చూసుకునేవారు.