మంత్రసాని పోయాక మిగిలిన వెలితి

ఇప్పుడు సిద్దిపేట జిల్లా కుకునూరుపల్లి లాంటి ఊళ్లలో నొప్పులు మొదలైతే అంబులెన్స్‌కు ఫోన్ చేస్తారు. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. కొన్ని దశాబ్దాల కిందటి వరకు ఆ పని మంత్రసానిది. ఆమె చేతిలోంచి కాన్పును తీసుకోవడానికి బలమైన కారణాలే ఉన్నాయి. కానీ ఆమె చేసిన పనిలో ఒక ముఖ్యమైన భాగాన్ని మనం ఎవరికీ అప్పగించలేదు. ఆ నష్టం ఇవాళ లెక్కల్లో కనబడుతోంది.

ప్రభుత్వాలు ఆమెను మొదటినుంచీ కాదనలేదు. దాయీలకు, అంటే మంత్రసానులకు, శిక్షణ ఇవ్వడానికి వైస్రాయి భార్య లేడీ కర్జన్ 1903లోనే విక్టోరియా స్మారక నిధి పెట్టింది. తగినంతమంది నర్సులు తయారయ్యేదాకా దాయీలకే శిక్షణ ఇచ్చి పని నడపాలని 1946లో ఆరోగ్య సేవలపై వేసిన భోర్ కమిటీ చెప్పింది. 1977 గ్రామీణ ఆరోగ్య పథకంలో వెయ్యి జనాభాకు ఒక మంత్రసాని చొప్పున ఎంచి, 30 రోజులు నేర్పి, కాన్పు సామాను పెట్టె చేతికిచ్చారు. నమోదైన ప్రతి కాన్పుకూ ఇచ్చింది పది రూపాయలు. నేర్పిన పాఠం చిన్నదే: శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు, బొడ్డు కోయడానికి కొత్త బ్లేడు, కట్టడానికి శుభ్రమైన దారం, బొడ్డు మీద ఏమీ పూయకపోవడం. 2003లో దేశంలో అందరికంటే ముందు నవజాత ధనుర్వాతాన్ని నిర్మూలించిన రాష్ట్రంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గుర్తింపు పొందింది. అందులో గర్భిణులకు వేసిన టీకాలదే పెద్ద పాలు, సందేహం లేదు. అయితే అంతకు కొన్నేళ్ల ముందు కూడా రాష్ట్రంలో సగం కాన్పులు ఇళ్లలోనే జరిగేవి. ఆ ఇళ్లలో బొడ్డు కోసిన చేతుల పద్ధతి మారకుండా ఆ ఫలితం వచ్చేదా?

రక్తస్రావం మొదలైనా, బిడ్డ అడ్డం తిరిగినా శుభ్రమైన బ్లేడు ఏం చేస్తుంది? ఈ ప్రశ్నకు మంత్రసాని పక్షాన జవాబు లేదు. అందుకే 1990ల చివర ప్రపంచమంతటా విధానం మంత్రసానికి శిక్షణ నుంచి ఆసుపత్రి కాన్పు వైపు మారింది. ఫిలిప్పీన్స్‌లో హిలోత్‌లనే సంప్రదాయ మంత్రసానులనూ 2008 తర్వాత ఇలాగే పక్కకు తప్పించారు. ఇక్కడ ఆసుపత్రి కాన్పులను ప్రోత్సహించే పథకాలుగా 2005లో జననీ సురక్ష, 2017లో కేసీఆర్ కిట్ వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2001-03లో లక్ష సజీవ జననాలకు 195గా ఉన్న తల్లుల మరణాలు తెలంగాణలో 2018-20 నాటికి 43కు దిగాయి. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను.

కానీ ఆ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే మరో అంకె ఉంది: తెలంగాణలో 60.7 శాతం కాన్పులు కోతతోనే జరిగాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం, ప్రైవేటులో 81.5. దీనికి కారణం తల్లుల ఆరోగ్యం మారడం, ముహూర్తాలు అడగడం అంటారు. కొంత నిజమే. కానీ ప్రమాదకరమైన కాన్పులు ఎక్కువగా చేరేది ప్రభుత్వ పెద్దాసుపత్రులకే కదా. కోతలు ప్రైవేటులో రెట్టింపుకు దగ్గరగా ఉండటానికి కారణం తల్లి శరీరం ఒక్కటే కాలేదు. మంత్రసాని రాత్రంతా పక్కన కూర్చునేది, నడిపించేది, నడుం రాసేది, తొందరపెట్టేది కాదు. అలా ఒక మనిషి చివరిదాకా తోడుంటే కోతలు తగ్గుతాయని 15 వేలకు పైగా స్త్రీల మీద జరిగిన పరిశోధనలను కలిపి చూసిన కొక్రేన్ సమీక్ష తేల్చింది. కర్ణాటకలోని పావగడ ప్రాంతపు తెలుగు మంత్రసాని సూలగిత్తి నరసమ్మకు 2018లో పద్మశ్రీ ఇచ్చింది ఈ సేవకే.

ఆమె పనిని ఆకాశానికెత్తడంలో ఇంకో ప్రమాదముంది. మన ఊళ్లలో ఈ పని ఎక్కువగా మంగలి, దళిత స్త్రీలది. పురిటి మైల అంతా వాళ్లు ఎత్తాలి. ప్రతిఫలం ఇంత ధాన్యమో ఒక చీరో. ఆ ఏర్పాటు తిరిగి రాకూడదు. రావలసింది జీతం, చదువు, గౌరవం ఉన్న అదే పని. రాష్ట్ర ప్రభుత్వం 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో మొదలుపెట్టిన 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఆ దారిలోదే. అది నర్సులకే పరిమితం. అందుకే తరతరాలుగా పురుళ్లు పోసిన ఇళ్లలోని ఆడపిల్లలకు ముందు నర్సింగ్ చదువులో చోటు దొరకాలి.