యుగళ కృష్ణబిలములు – క్వాజారుల ఆవర్తన రేడియో కాంతి

క్వాజారనగా దూరస్థమైన నక్షత్రవీథి నడుమ, సూర్యునికంటె కోట్లరెట్లు భారమైన కృష్ణబిలములోనికి వాయుద్రవ్యము సుడిగొని పడునపుడు జనించు తేజస్సుచే, తన వీథిలోని నక్షత్రముల నన్నిటిని మించి వెలుగు కేంద్రము. రెండు నక్షత్రవీథులు సంలీనమైనపుడు వాని కృష్ణబిలములును క్రమముగా నడుమకు దిగి యొకదానిచుట్టు నొకటి పరిభ్రమింపవలెనని సిద్ధాంతము. అయినను అత్యంత సమీపమునకు వచ్చిన జంటను ఏ దూరదర్శినియు రెండుగా విడదీసి చూపజాలదు గనుక, కాంతి నియతకాలమున హెచ్చి తగ్గుటయే దాని యునికికి ముఖ్యమైన సూచన.

ఇట్టి సూచన గల క్వాజారులలో ప్రసిద్ధమైనది కుంభరాశిలోని పి.కె.ఎస్. 2131–021. ఆశ్వయుజ మాసపు రాత్రులలో గుంటూరు, ఒంగోలు వాసులకు నడినెత్తినుండి దక్షిణముగా కొంత వాలియుండు ఈ బిందువు కంటికి కానరాదు. దాని కాంతి మనలను చేరుటకు సుమారు 900 కోట్ల సంవత్సరములు పట్టినది. కాలిఫోర్నియాయందలి ఓవెన్స్ వ్యాలీ వేధశాలవారు 40 మీటర్ల దూరదర్శినితో 2008 నుండి దీనిని పరిశీలింపగా, రేడియో తీవ్రత దాదాపు 5 సంవత్సరముల కొకమారు హెచ్చితగ్గుచున్నట్లు తేలినది. మిచిగన్, హేస్టాక్ వేధశాలల పాత కొలతలను దానితో జతపరుపగా, 1975 మొదలు 1983 వరకు సాగిన ఆవర్తనమే 20 సంవత్సరములు లుప్తమై, 2003లో పూర్వపు లయ తప్పక పునరావిర్భవించినదని 2022లో ప్రకటితమైనది. విశ్వవ్యాకోచముచే కాలము దీర్ఘమై తోచును గాని, అచ్చటి పరిభ్రమణకాలము సుమారు రెండేండ్లే. బిలముల నడిమి దూరము సూర్యునికి భూమికి గల దూరమునకు 2,000 రెట్లు.

ఒక బిలమునుండి భూమివైపు వెలువడు ద్రవ్యధార ఆ పరిభ్రమణముతోపాటు కదలుచుండుటచే దాని వేగదిశలు స్వల్పముగా మారుచుండును. ధార కాంతివేగమునకు సమీపముగా పయనించుచున్నందున, సాపేక్షతా నియమములచే ఆ స్వల్పభేదమే ప్రకాశమున పెద్ద భేదముగా పరిణమించును.

గుంటూరు యార్డులో మిరపధర కొన్నేండ్లు లయబద్ధముగా హెచ్చితగ్గినంత మాత్రమున దానికి నియతావర్తనము కలదనరాదు; అట్లే క్వాజారుల సహజచాంచల్యమునను రెండు మూడు ఆవృత్తులు యాదృచ్ఛికముగా ఏర్పడవచ్చును. కావుననే దశాబ్దముల పరిశీలన, పాత కొలతల సంరక్షణ ఈ శాస్త్రమునకు ప్రాణము. కర్కాటకరాశిలోని ఓ.జె. 287 యొక్క 12 సంవత్సరముల ఆవర్తనమునకును 19వ శతాబ్దాంతము నుండి లభించిన ఛాయాచిత్రములే ఆధారము.

తెలుగునాట సంగారెడ్డి చేరువ కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి. పరిశోధకులు ఇట్టి జంటల గురుత్వతరంగములను వెదకు భారతీయ పల్సార్ బృందములో భాగస్వాములు. పుణె సమీపమున 45 మీటర్ల వ్యాసము గల 30 రేడియో పళ్లెరములతో నియతముగా స్పందించు నక్షత్రములైన పల్సార్ల స్పందనకాలములలో ఆ తరంగములు కలిగించు భేదమును కొలుచు ఈ బృందము, ఐరోపావారితో కలసి, విశ్వమంతట వ్యాపించిన మంద గురుత్వతరంగముల కోలాహలమునకు సాక్ష్యము లభించినదని 2023 జూన్ 29న ప్రకటించినది. అది అసంఖ్యాకమైన జంటల సమష్టి స్వరమని పలువురి భావన. అందు ఒక్క జంట తరంగము వేరుపడి, అదే దిశలోని క్వాజారు ఆవర్తనముతో సరిపోలిననాడు అనుమానము నిశ్చయమగును.