నున్నని రాయి, పలకల రాయి

మా అమ్మకు ఎర్రరాళ్ళ కమ్మలుండేవి. పలకలు లేని, రేగిపండులా నున్నగా, గుండ్రంగా ఉండే రాళ్ళు. పంట పోయిన ప్రతి ఏడూ అవి తాకట్టుకు వెళ్ళేవి. షావుకారు రాళ్ళ బరువు తీసేసి బంగారానికే లెక్కకట్టేవాడు. ఇప్పుడు మా అమ్మాయికి అవి వట్టి మసక రాళ్ళు. తళతళలాడే పలకల రాళ్ళే ఆమెకు అందం. ఈ అభిరుచి భేదం ఎక్కడిదని వెతికితే చరిత్రలోకి వెళ్ళవలసి వచ్చింది.

గుబ్బలా నున్నగా సానపట్టిన రాయిని ఫ్రెంచివాళ్ళు కాబోషాన్ అన్నారు. పలకల రాయి లోపలికొచ్చిన కాంతిని వెనక్కి తిప్పి కంటికి విసురుతుంది. నున్నని రాయి దాన్ని రంగుగా, లోతుగా చూపిస్తుంది. నక్షత్ర నీలంలోని చుక్క, వైడూర్యంలోని పిల్లికంటి గీత నున్నని గుబ్బమీదే నిలుస్తాయి. కనుక ఒకటి నాగరికం, రెండోది మోటు అనడం అజ్ఞానం.

ఆ అజ్ఞానానికి అధికారం తోడైతే ఏమవుతుందో కోహినూరు చెబుతుంది. 1849లో పంజాబును కలుపుకొన్న ఆంగ్లేయులు లాహోరు ఖజానాతోపాటు దాన్నీ పట్టుకుపోయారు. 1851 లండన్ ప్రదర్శనలో చూసినవాళ్ళు మెరుపు చాలదని పెదవి విరిచారు. దానికి పలకలు లేకపోలేదు. అవి బరువు కాపాడేందుకు తీర్చినవి. 1852లో దాన్ని మళ్ళీ కోయించారు. 186 క్యారెట్ల రాయి సుమారు 106 క్యారెట్లకు దిగింది. గెలిచినవాడి అభిరుచే సౌందర్యశాస్త్రమైంది.

అదే ఖజానానుంచి వెళ్ళిన 'తైమూరు కెంపు' కోతకు గురికాలేదు. 352 క్యారెట్లకు పైబడిన ఆ రాయి నిజానికి కెంపు కాదు, స్పినెల్. పలకలు లేని దాని ఒంటిమీద జహంగీరు, షాజహాను, ఫరూక్‌సియర్, నాదిర్‌షా, అహ్మద్‌షా చెక్కించిన రాతలున్నాయి. నున్నని రాయిలో మొగలులకు నచ్చింది రంగూ బరువూ మాత్రమే కాదు. పేరు చెక్కుకోవడానికి అందులో చోటుంది.

ఇక్కడే మన దేశాభిమానులతో నాకు పేచీ. పలకల రాయి పరాయి దొరలది, నున్నని రాయి మన ప్రజలది అని తేల్చేస్తే సరిపోదు. పాదుషా రుచి ప్రజల రుచి కాదు. 17వ శతాబ్దంలో కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రపు గనులు చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడ ఆడా మగా పిల్లలూ కలిసి 60,000 మందిదాకా పనిచేస్తున్నారని రాశాడు. మట్టి తవ్వింది మగవాళ్ళు, మోసింది ఆడవాళ్ళు, పిల్లలు. వాళ్ళలో ఒక్కరి పేరూ ఏ రాయిమీదా లేదు.

మరి నున్నని రాయి అందమంతా భ్రమేనా? కాదు. ఆ అందం నిజమే. దాన్ని వెలికి తీసిన సానవాడి చెయ్యీ నిజమే. విమర్శకుడు ఆ అందాన్ని కాదనకూడదు, దాని ఖర్చు ఎవరు భరించారో అడగడం మానకూడదు. పాదుషా లెక్కలో రాయి బరువే సర్వస్వం. షావుకారు లెక్కలో అది తరుగు. రెండు లెక్కల్లోనూ మా అమ్మలాంటివాళ్ళ కంటికి విలువ లేదు. ఆమె మాత్రం ప్రతిసారీ కమ్మలు విడిపించుకొచ్చి, దీపం దగ్గర తిప్పితిప్పి చూసుకునేది. మా అమ్మాయికి నేను చెప్పవలసిన చరిత్ర అక్కడ మొదలవుతుంది.